“నడుం పట్టేసింది మాస్టారూ!”

యోగా టీచర్ ట్రైనింగ్ అయిపోయింది, సర్టిఫికెట్ గోడకెక్కింది, బ్యాచ్ మొదలైంది. మొదటి వారంలోనే ఒకాయన నడుం మీద చెయ్యేసుకుని వస్తాడు. “డిస్క్ బల్జ్ అన్నారు మాస్టారూ, యోగా చెయ్యొచ్చా?” అంతే, మాస్టారికి నోరు తడారిపోతుంది. కొందరు “మీరు శవాసనం వేసుకోండి చాలు” అని ఓ మూలకి పంపేస్తారు. ఇంకొందరు “నెల తిరిగేసరికి పరిగెత్తిస్తా చూడండి” అని కోతలు కోస్తారు. నాకైతే ఈ రెండోవాళ్లంటేనే ఎక్కువ భయం.

ధైర్యం కావాలంటే ముందు అడగడం నేర్చుకోండి. నొప్పి ఎప్పటి నుంచి? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా? నడుం దగ్గరే ఉంటోందా, పిక్కలోకి దిగుతోందా? డాక్టరు ఏమేం వద్దన్నారు? ముందుకు వంగితే కాల్లోకి జివ్వున లాగుతోందంటే పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం పక్కన పెట్టేయండి. బీపీ అదుపులో లేకపోయినా, గ్లకోమా ఉన్నా శీర్షాసనం, సర్వాంగాసనం ఊసే ఎత్తొద్దు. కాలు మొద్దుబారి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా అది మ్యాట్ మీద తేలే వ్యవహారం కాదు, వెంటనే ఆస్పత్రికి పంపండి. “ఇది నా వల్ల కాదండీ” అనగలగడం కూడా గురువు పనే.

వద్దన్నవి పోగా మిగిలేవి బోలెడు. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ అనగానే కష్టమైన ఆసనాలే గుర్తొస్తాయి గానీ, చిన్నప్పుడు క్షయ, మలేరియా, టైఫాయిడ్‌లతో నలిగిన మనిషాయన. పుణెలో 1975లో తెరిచిన ఆయన సంస్థలో కుర్చీలు, తాళ్లు, బెల్టులు, చెక్క దిమ్మెలు పాఠంలో భాగం. ఒళ్లు సహకరించని వాళ్లకి అవే ఆసరా.

అధోముఖ శ్వానాసనమే తీసుకోండి. నేల దాకా వంగలేని మనిషిని గోడ దగ్గర నిలబెట్టండి. అరచేతులు గోడకి ఆనించి, మోకాళ్లు కాస్త మడిచి, ఒక్కో అడుగూ వెనక్కి వేయించండి. వీపు గుండ్రంగా వంగబోతోందనగా ఆపేయండి. చెయ్యి వేసే ముందు “ఇక్కడ పట్టుకోనా అండీ?” అని అడగండి. అంతసేపూ మీ చూపు ఆయన మొహం మీదే ఉండాలి. దవడ బిగిసినా, ఊపిరి బిగబట్టినా, నోటితో “బాగానే ఉంది మాస్టారూ” అంటున్నా సరే, ఓ అడుగు ముందుకి రమ్మనండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, మాస్టారి ముందు నొప్పి దాచేస్తారు. వజ్రాసనంలో పళ్లు బిగించి కూర్చున్న మోకాళ్ల నొప్పుల పెద్దావిడదీ ఇదే సంగతి. ఆవిడకి కుర్చీ వేయండి.

క్లాసులో హాయిగా ఉండి రాత్రికి నొప్పి ఎక్కేవాళ్లుంటారు. మర్నాడు పొద్దున్నే ఓ ఫోన్ చేయండి. మంచం దిగడం కష్టమైందంటే చేయించింది సగానికి తగ్గించండి. తేలిగ్గా ఉందంటే వారం పాటు అదే చేయించండి, కొత్తవి ఎక్కించొద్దు. ఏం చేయించారో, ఆయనేమన్నారో తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు ఆయన ఫిజియోథెరపిస్టు అడిగితే ఆ పేజీ తీసి చూపించొచ్చు.