దిగులు చూసి పుస్తకం ఇవ్వండి

1936లో లండన్ ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ దగ్గరికి ఒక పిల్లల కథ టైపు ప్రతి వచ్చింది. ఆయన దాన్ని పదేళ్ల కొడుకు రేనర్ చేతిలో పెట్టాడు. చదివి, ఎలా ఉందో నాలుగు ముక్కలు రాసిస్తే ఒక షిల్లింగు కూలి. కుర్రాడు చదివాడు. బాగుందనీ, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చుతుందనీ రాసిచ్చాడు. మరుసటేడు సెప్టెంబరులో ఆ కథ అచ్చయింది. అదే జె.ఆర్.ఆర్. టోల్కిన్ ‘ది హాబిట్’. ఆ రేనరే పెద్దవాడై తండ్రి సంస్థలో చేరాడు. వెయ్యి పౌండ్లు నష్టం రావచ్చని లెక్క తేలినా సరే, టోల్కిన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను అచ్చు వేయాల్సిందేనని పట్టుబట్టాడు.

పిల్లల పుస్తకం గురించి పిల్లల్ని అడిగారు, వాళ్ల మాట విన్నారు. మనం అడుగుతున్నామా? విజయవాడ పుస్తక మహోత్సవంలోనో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలోనో పిల్లల పుస్తకాల స్టాలు దగ్గర పది నిమిషాలు నిలబడండి. పిల్లాడు డ్రాగన్ బొమ్మ ఉన్న పుస్తకం తీస్తాడు. వెంటనే వెనక నుంచి ప్రశ్నలు. ‘ఇందులో నీతి ఏముంది? ఇంగ్లీషు మెరుగుపడుతుందా? మంత్రాలూ దయ్యాలూ ఎందుకు, జనరల్ నాలెడ్జి పుస్తకం తీసుకోరాదూ?’ పుస్తకం మళ్లీ బల్ల మీదికి వెళ్లిపోతుంది.

నిజం కాని కథలతో ఏం ఉపయోగం అన్నది పాత ప్రశ్నే. 1990లో సల్మాన్ రష్దీ తన కొడుకు కోసం రాసిన ‘హరూన్ అండ్ ది సీ ఆఫ్ స్టోరీస్’ నవల అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నా జవాబు చిన్నది. పిల్లలకు కష్టం ఉంటుంది కానీ అది చెప్పుకునే మాట ఉండదు. పన్నెండేళ్ల పిల్లాడు ‘నాకు అసూయగా ఉంది’ అనడు, సైకిలును గోడకేసి కొడతాడు. పద్నాలుగేళ్ల పిల్ల ‘నేనెందుకూ పనికిరానేమో’ అనదు, అన్నం మానేస్తుంది. మంచి ఫాంటసీ నవల ఆ పేరులేని బాధకు ఒక ఆకారం ఇస్తుంది. నీడగానో, డ్రాగన్‌గానో, చెట్టు రాక్షసుడిగానో ఎదుట నిలబెడుతుంది. ఆకారం దొరికాక పిల్లలు దానితో పోరాడగలరు, మాట్లాడగలరు, ఓడిపోయి మళ్లీ లేవగలరు. అంతా పుస్తకంలోనే, దుప్పటి కింద, ఎవరూ చూడకుండా.

అందుకే పుస్తకం ఎంచేటప్పుడు వయసు చూడండి, కానీ అంతకన్నా ముందు ఆ పిల్లకో పిల్లాడికో ఉన్న దిగులేమిటో చూడండి.

పరీక్ష పేరు చెబితే కడుపునొప్పి వచ్చే పిల్లలున్నారు. వాళ్లకు ‘ది హాబిట్’ ఇవ్వండి. పదేళ్లు దాటితే చాలు. అందులో నాయకుడు బిల్బో వీరుడు కాడు. పొట్టివాడు, తిండి ప్రియుడు, ఇల్లు కదలనివాడు. జేబురుమాలు కూడా తీసుకోకుండా సాహసయాత్రకు బయల్దేరి, దారి పొడవునా ఇంటినీ టీ కెటిల్‌నీ తలుచుకుంటాడు. డ్రాగన్ గుహలోకి వెళ్లే సొరంగంలో ఒంటరిగా నడుస్తుంటే అవతల ఎర్రటి వెలుగు, గురక చప్పుడు. అక్కడ ఆగిపోతాడు. మళ్లీ అడుగు వేస్తాడు. అతని జీవితంలో అన్నిటికన్నా ధైర్యమైన పని ఆ ఒక్క అడుగేనని టోల్కిన్ చెబుతాడు. డ్రాగన్ ఇంకా కనబడనే లేదు! పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడిన పిల్లకు ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు తెలియదు.

ఇప్పుడు నాకు ప్రాణమైన పుస్తకం దగ్గరికి వస్తాను. ఉర్సులా కె. లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. రెండు వందల పేజీలకు అటూ ఇటూ. వందలాది దీవుల లోకం. గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే, తల్లి లేని పిల్లాడు గెడ్. పుట్టుకతోనే మంత్రశక్తి. గురువు ఒజియన్ మితభాషి, శక్తిని అనవసరంగా వాడనివాడు. వాన పడుతుంటే మంత్రంతో ఆపడు, పడనిస్తాడు. కుర్రాడికి తొందర. ఆ గురువును విడిచి రోక్ దీవిలో మాంత్రికుల బడికి వెళతాడు. అక్కడ తనకన్నా పెద్దవాడు, దర్జా కలవాడు జాస్పర్. మర్యాదగా మాట్లాడుతూనే గుచ్చుతుంటాడు. ఇంటర్ హాస్టళ్లలో చదివిన మన పిల్లలకు జాస్పర్‌ను పరిచయం చేయక్కర్లేదు.

ఒక రాత్రి పంతం పట్టి, జాస్పర్ ముందు గొప్ప చూపించుకోవడానికి గెడ్ చేయకూడని మంత్రం చేస్తాడు. లోకానికి చిరుగు పడుతుంది. అందులోంచి ఒక నల్లటి నీడ దూకి అతని మొహం చీరేస్తుంది. ఆ చిరుగు మూయడానికి బడి పెద్ద ప్రాణమే పోతుంది. గెడ్ నెలల తరబడి మంచాన పడతాడు. అప్పటినుంచి నీడ అతన్ని వెంటాడుతుంది. పారిపోయినకొద్దీ దానికి బలం పెరుగుతుంది. చివరికి పాత గురువు ఒజియన్ దగ్గరికే చేరతాడు. తిరిగి నిలబడి, నిన్ను వేటాడేదాన్ని నువ్వే వేటాడమని ఆయన చెబుతాడు. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను. ఆ ముగింపును ఎవరికి వాళ్లు చదివి తెలుసుకోవాలి.

మా అన్నయ్య కొడుకు ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గి సెక్షన్ మార్చారు. దసరా సెలవులకు ఇంటికొచ్చాడు, ఎవరితోనూ మాట్లాడడు. నేను సలహా ఏమీ ఇవ్వలేదు, ఈ పుస్తకం మంచం మీద పెట్టి వచ్చాను. నాలుగో రోజు ఫోన్ చేశాడు. ‘బాబాయ్, గెడ్ జబ్బు నుంచి లేచాక చిన్నవాళ్లతో కూర్చోబెట్టి చదివించారు కదా. వాడికి సిగ్గనిపించలేదా?’ అనిపించిందిరా అన్నాను. అయినా కూర్చున్నాడు కదా అన్నాను. ‘ఊఁ’ అని పెట్టేశాడు. మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకున్నది అంతే. అంతకుమించి మాట్లాడుంటే చెడేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇంకో మాట. గెడ్‌ది రాగి రంగు ఒళ్లు. ఆ దీవుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, చామనఛాయ వాళ్లు. లె గ్విన్ కావాలనే అలా రాశారు. అట్టల మీద చిత్రకారులు గెడ్‌ను తెల్లగా వేసినప్పుడల్లా ఆమె గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు చూస్తూ పెరిగే మన పిల్లలకు ఇది కూడా తెలియాలి.

ఆడపిల్లల కోసం రెండు. ఇంటికి పెద్దమ్మాయిగా పుట్టి ‘నువ్వే సర్దుకోవాలమ్మా’ అనే మాట వినీ వినీ నోరు మూసుకున్న పిల్లకు డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’. జానపద కథల్లో గెలిచేది ఎప్పుడూ చిన్నకొడుకో చిన్నకూతురో కదా. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దదైన సోఫీ తనకు అదృష్టం రాసిపెట్టి లేదని ముందే తీర్మానించుకుని, టోపీల దుకాణంలో కూర్చుని కుడుతుంటుంది. మంత్రగత్తె శాపంతో తొంభయ్యేళ్ల ముసలమ్మ అయిపోతుంది. చిత్రంగా అప్పుడే నోరు పెగులుతుంది. అనుకున్నది అనేస్తుంది, కావలసింది అడిగేస్తుంది. మియాజాకి 2004లో తీసిన సినిమా అందమైనదే కానీ ముందు పుస్తకం చదివించండి.

కోపం ఎక్కువ, మొండి అని పేరుపడిన పిల్లకు మెడలిన్ లెంగిల్ ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’. కనబడకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే మెగ్‌కు ఒక వింత వృద్ధురాలు కానుక ఇస్తుంది. ఆ కానుక మెగ్ లోపాలే! కోపం, తొందర, మొండితనం. అందరూ లోబడిపోయిన చోట ఆ మొండితనమే ఆమెను నిలబెడుతుంది. ఎందరో ప్రచురణకర్తలు తిప్పి పంపాక 1962లో అచ్చయిన ఈ నవలకు మరుసటేడు అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చింది.

అక్షరాలు కుదురుగా కనబడక చదువంటే పారిపోయే పిల్లల విషయంలో తల్లిదండ్రులు చాలా నలిగిపోతారు. రిక్ రయర్డన్ అనే బడిపంతులు కొడుకుకు డిస్‌లెక్సియా, ఏకాగ్రత లోపం ఉన్నాయని తేలింది. ఆ పిల్లాడికి గ్రీకు పురాణాలంటే ఇష్టం. రాత్రిపూట చెప్పే కథలు అయిపోయాక తండ్రి సొంతంగా ఒకటి అల్లాడు. అందులో అవే ఇబ్బందులున్న పెర్సీ జాక్సన్ ఒక దేవుడి కొడుకు. అదే 2005లో ‘ది లైట్నింగ్ థీఫ్’గా వచ్చింది. చదవని పిల్లల్ని చదివించడానికి నేను మొదట ఇచ్చేది ఇదే. అట్లాంటాలోనో డాలస్‌లోనో పెరుగుతున్న మన పిల్లలకైతే రోషనీ చోక్షి ‘అరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ ఇవ్వండి. తోటి పిల్లల ముందు చిన్నబోకూడదని అబద్ధాలాడే పన్నెండేళ్ల అరూకు, తాను పాండవుల అంశతో పుట్టానని తెలుస్తుంది.

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి ఉంటే పాట్రిక్ నెస్ ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. 2011లో వచ్చింది. దీని మూల ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె క్యాన్సర్‌తో 2007లో చనిపోతే నెస్ పూర్తి చేశాడు. తల్లి జబ్బు పడిన కానర్ దగ్గరికి రాత్రి పూట చెట్టు రాక్షసుడు వస్తాడు. మూడు కథలు చెప్పి, నాలుగోది నువ్వు చెప్పాలంటాడు. ఇది మాత్రం మీరు ముందు చదివి, పక్కన కూర్చుని ఇవ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

హ్యారీ పాటర్ సంగతి మీకు తెలిసిందే, నేను చెప్పేది ఒకటే. ఏడు పుస్తకాలూ ఒకేసారి కొనివ్వకండి. పోనుపోను చీకటి పెరుగుతుంది, పుస్తకంతోపాటు పిల్లాడూ ఎదగాలి.

ఇంగ్లీషు రాని పిల్లల మాటేమిటంటారా? మనకు లోటేమీ లేదు. టోల్కిన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం వచ్చిన 1954లోనే మద్రాసులో ‘చందమామ’ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. తర్వాత ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’ వరసగా వచ్చాయి. వాటికి బొమ్మలు వేసింది చిత్రా. ఆ సీరియల్స్‌లో శిఖిముఖి–విక్రమకేసరి, ఖడ్గవర్మ–జీవదత్తు జంటల స్నేహం చూడండి. ఒకరు తొందరపడితే ఇంకొకరు ఆపుతారు, ఒకరు చిక్కుకుంటే ఇంకొకరు వెనక్కి వస్తారు. రాత్రి భోజనాలయ్యాక ఒక్కో భాగం పైకి చదవండి. కథ మంచి పట్టులో ఉండగా ఆ భాగం ఆగిపోతుంది. మర్నాడు పిల్లలే మిమ్మల్ని పిలుస్తారు.

ఇచ్చాక మాత్రం కొన్ని పనులు చేయకండి. నీతి అడగకండి. సారాంశం రాయమనకండి. మార్కులకు బహుమతిగా పెట్టకండి, తగ్గితే లాక్కోకండి. నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదని నిలదీయకండి. కుదిరితే అదే పుస్తకం మీరూ చదవండి.

ఇంతసేపూ మీ అమ్మానాన్నలతో మాట్లాడాను. ఇక నీతో. నీకు పదమూడో పద్నాలుగో ఏళ్లుంటాయి. ఎర్త్‌సీతో మొదలుపెట్టు. ముందే దీవుల పటం ఉంటుంది, గాంట్ ఎక్కడుందో వేలుతో వెతుకు. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీయకు, కథ ఆగిపోతుంది. మొదటి ముప్ఫై పేజీల్లో పేర్లు కొత్తగా ఉంటాయి, కాగితం మీద రాసిపెట్టుకో. మీ బడి లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడుగు, అడగడంలో తప్పులేదు. యాభై పేజీలు చదివినా నచ్చకపోతే మూసేసి ‘హాబిట్’ తీసుకో. నచ్చితే మాత్రం, గెడ్ తనను తరుముతున్న నీడ వైపే పడవ తిప్పే పేజీ దాకా ఆగొద్దు.