ఎండ ఇచ్చే విటమిన్

మైపాడు దగ్గర ఒక పాలెం. ఇసుక మీద నెత్తళ్లు ఎండుతున్నాయి. అత్త నీడలో కూచుంది. ఆమెకు రొమ్ము కాన్సరు. ఆపరేషన్ అయింది. ఇంకా నాలుగుసార్లు మందు ఎక్కించాలి.

పక్కింటి పిన్నమ్మ వచ్చింది. "డి విటమిన్ సూది వేయించండి. కాన్సరు అదే పోద్ది. ఆసుపత్రికి తిరిగే బాధ తప్పుద్ది" అంది.

కోడలికి ఆశ పుట్టింది. ఒకసారి పోయివస్తే రెండు రోజుల కూలి పోతోంది మరి! సాయంత్రం నర్సమ్మను అడిగింది.

నర్సమ్మ ఇలా చెప్పింది.

"ఎండ తగిలితే మన చర్మంలోనే డి విటమిన్ తయారవుతుంది. చేపల్లో, గుడ్డు పచ్చసొనలో కూడా కొంత ఉంటుంది. ఎముకల గట్టితనానికి అది కావాలి. ఇంకో పని కూడా చేస్తుంది. మన నెత్తురులో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కాపలా కాస్తాయి. వాటికీ డి విటమిన్ అందాలి."

"కాపలా గట్టిపడితే కాన్సరు పోదా?"

"ఆ సంగతి చూద్దామనే అమెరికాలో సుమారు 26 వేల మందిని పరీక్షించారు. సగం మందికి రోజూ డి విటమిన్ ఇచ్చారు. సగం మందికి ఉత్త బిళ్లలు ఇచ్చారు. అయిదేళ్లు చూశారు. 2018లో ఫలితం చెప్పారు. కాన్సరు రావడం తగ్గలేదు. కాన్సరుతో చనిపోయేవాళ్లు కొంచెం తగ్గారేమో అనిపించింది. గట్టిగా తేలలేదు. 2024లో ఇంగ్లండులో ఎలుకల మీద చూశారు. డి విటమిన్ బాగా అందిన ఎలుకలు కాన్సరును ఎదిరించాయి. కానీ ఎలుక వేరు, మనిషి వేరు."

"మేం పొద్దంతా ఎండలోనే ఉంటాం గదా. మాకు తక్కువ ఎట్టా అవుద్ది?"

"అవుతుందమ్మా. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు మన రాష్ట్రంలో జనం నెత్తురు పరీక్షించారు. 2008లో ఆ లెక్కలు అచ్చయినాయి. పల్లె వాళ్లకంటే పట్నం వాళ్లకు తక్కువ. మగవాళ్లకంటే ఆడవాళ్లకు తక్కువ. పగలు 11 నుంచి 2 గంటల దాకా కాసే ఎండే దీనికి బాగా పనికొస్తుందని కూడా వాళ్లు చూశారు. మనం నీడకు చేరే వేళే అది! అట్లాగని మీ అత్తను మండుటెండలో కూచోబెట్టవద్దు. కొన్ని కాన్సరు మందులకు చర్మం తొందరగా కందిపోతుంది."

"మరి సూది?"

"ఊరికే వేయించవద్దు. ఎక్కువైన డి విటమిన్ ఒంట్లోనే నిలిచిపోతుంది. నెత్తురులో సున్నం పెరుగుతుంది. వాంతులవుతాయి. మూత్రపిండాలు చెడతాయి. కాన్సరు డాక్టరునే అడగండి. నెత్తురు పరీక్ష చేస్తారు. తక్కువుంటే ఎంత కావాలో అంతే ఇస్తారు. దానితోపాటు ఎక్కించే మందూ సాగాలి."

కోడలు ఇంటికొచ్చింది. ఆసుపత్రి చీటీ తీసింది. కూడబలుక్కుని చదివింది. "మంగళవారం. ఉదయం 9 గంటలు."

"అత్తా, తొలి బస్సుకే పోవాల" అంది.