‘వెంట్’ అను క్రియారూపము

ఆంగ్లభాషలో మన బాలురు మొట్టమొదట నేర్చుకొను క్రియలలో ‘గో’ యనునది యొకటి. తుదివఱకు వారిని బాధించునదియు నిదియే. ‘వాక్’ నకు ‘వాక్డ్’, ‘జంప్’ నకు ‘జంప్డ్’ అని చెప్పిన నోటితోనే ‘గో’ కు ‘వెంట్’ అని చెప్పవలసి వచ్చినప్పుడు, ఒక్క యక్షరమైనను గలియని యీ రూప మెక్కడినుండి వచ్చెనని చుఱుకైన విద్యార్థి యడుగక మానఁడు. అడుగుట న్యాయమే.

‘వెంట్’ నిజముగా వేఱొక యింటి బిడ్డ. పూర్వము ‘వెండ్’ అను క్రియ తిరుగుట, మరలుట, సాగిపోవుట అను నర్థములందు వాడుకలో నుండెను. ‘సెండ్’ నకు ‘సెంట్’, ‘బెండ్’ నకు ‘బెంట్’, ‘స్పెండ్’ నకు ‘స్పెంట్’ అయినట్లే దానికి ‘వెంట్’ అయ్యెను. పుట్టినింట నది క్రమము తప్పిన రూపము కాదు. ప్రాచీనాంగ్లమున ‘గో’ కుండిన భూతరూపము వేఱు. అది నశింపఁగా, సుమారు 15వ శతాబ్దమున ‘వెంట్’ ఆ స్థానమును ఆక్రమించెను. పాపము, ‘వెండ్’ తన సొత్తు పోఁగొట్టుకొని ‘వెండెడ్’ అను క్రొత్తదానితోఁ దృప్తిపడెను.

మన భాషయందును ఇట్టి వింత లేకపోలేదు. ‘వచ్చెను’ అందుము గాని ‘వచ్చఁడు’ అనము; ‘రాఁడు’ అందుము, ‘రమ్ము’ అందుము. అయినను భేదము కలదు. చిత్తూరు సీమలో అరవము వినని చెవి యరుదు గదా. ఆ భాషలోని ‘వా’, ‘వరు’ అను రూపములను విన్నవారికి మన ‘రా’ యందలి రేఫ మెక్కడిదో కొంత తోఁపకపోదు. ‘వచ్చు’, ‘రా’ యనునవి యొకే ధాతువు కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ‘గో’, ‘వెంట్’ లది మాత్రము దత్తత వలనఁ గలిగిన బంధుత్వము.

చరిత్ర యటుండనిండు. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అను తప్పు పరీక్షాపత్రములలో నేఁటేఁట కనఁబడుచునే యున్నది. ‘నేను వెళ్ళలేదు’ అను మన వాక్యమును జూడుఁడు. ‘వెళ్ళితిని లేదు’ అని పసివాఁడైనను అనఁడు. గడచిన కాలమును దెలుపు భారము ‘లేదు’ పై నున్నది. ఆంగ్లమున నా భారమును ‘డిడ్’ వహించును. కావున ‘డిడ్ నాట్ గో’, ‘డిడ్ యు గో’ అనియే చెప్పవలయును.

‘మై ఫాదర్ వెంట్ టు తిరుమల ఆన్ మండే’ యన్నచో సోమవారము వెళ్ళెననుటయే. మరలి వచ్చెనో లేదో యా మాట చెప్పదు. ‘హాజ్ గాన్’ అన్నచో ఇంకను కొండమీఁదనో దారిలోనో యున్నాఁడు. ‘హాజ్ బీన్’ అన్నచో వెళ్ళివచ్చినాఁడు. ఇల్లు వెడలునప్పుడు ‘పోవుచున్నాను’ అనక ‘పోయివచ్చెదను’ అను మర్యాద యెఱిఁగిన మనకు ఈ మూఁడవది కష్టము కారాదు. నిన్న, పోయిన యేఁడు అని కాలము నిర్ణయించి చెప్పినచోట ‘హాజ్’ చెల్లదు. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడక మునుపు యాత్రికులు కాలినడకనో డోలీలలోనో తిరుమల కొండ కేఁగిరి. ఆ కాలము ముగిసినది గనుక వారు ‘వెంట్’ అనియే వ్రాయవలయును.

అన్నిటికంటె జాగ్రత్త వలసిన దొకటి కలదు. తెలుఁగున ‘పోయెను’ అనఁగా మరణించెనని కూడ అర్థము. తండ్రి గతించిన బాలుఁడు పాఠశాల జీతము మాఫీ కోరుచు ‘మై ఫాదర్ వెంట్ లాస్ట్ ఇయర్’ అని వ్రాసెననుకొందము. చదువు నధికారి యాతఁడు ఊరు విడిచెననుకొని, ఎచటికి వెళ్ళెను, ఎప్పుడు వచ్చును అని ప్రశ్నించును. తల్లి కన్నీటితో మరల జవాబు చెప్పుకొనవలసి వచ్చును; మాఫీయు నాలస్యమగును. అచట ‘డైడ్’ అను మాట తప్ప వేఱొకటి పనికిరాదు. తల్లిదండ్రులు ఇట్టి యర్జీలను పంపుటకు ముందు ఒక యుపాధ్యాయునకుఁ జూపుట మేలు.

ఇంక నొక చిన్న సంగతి. ‘వెంట్ టు స్కూల్’ అన్నచోఁ జదువుకొనుటకు వెళ్ళెనని. ‘వెంట్ టు ది స్కూల్’ అన్నచో ఆ భవనమునకు, మఱియొక పనిమీఁద వెళ్ళెనని. బాలుఁడు మొదటి విధమునను, జీతము కట్టవచ్చిన తండ్రి రెండవ విధమునను వెళ్ళుదురు. ఆరాధనకు ‘చర్చ్’ నకు వెళ్ళువానికిని, దాని కప్పు బాగుచేయ వెళ్ళువానికిని ఇదే భేదము.

ఈ వాక్యములను ఆంగ్లమునకు మార్చి, ‘వెంట్’ ఎచట నిలుచునో యెచట నిలువదో చూచుకొనుఁడు: మా యవ్వ కాణిపాకమునకుఁ బోయియున్నది, రేపు వచ్చును. పోయిన వేసవిలో మేము హార్స్‌లీ కొండకుఁ బోతిమి. నీవు నిన్న బడికి ఏల పోలేదు?