పట్టా మానవలెనా, సర్టిఫికేషన్ చాలునా?

ప్ర: మా వాడు కాకినాడలో బీటెక్ మూడో ఏడు. చదువు ఆపేసి అమీర్‌పేటలో క్లౌడ్ సర్టిఫికేషన్ చేస్తాడట. ఖర్చులకు కొబ్బరితోటలో అరెకరం బేరం పెట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అమలాపురం

జ: తోట అమ్మవద్దు, చదువు మాన్పింపవద్దు. అమీర్‌పేటను తూలనాడుట నా ఉద్దేశము కాదు. 1990వ దశకము చివర, రెండువేల సంవత్సరపు తేదీచిక్కును సవరించుటకు కోబాల్ నేర్చినవారు కావలసివచ్చినప్పుడు, మైత్రీవనము పరిసరములందలి శిక్షణాలయములు మన గోదావరి జిల్లాల కుర్రవాండ్రను ఎందరినో సముద్రము దాటించినవి. అయితే బీకామో, బీఎస్సీయో, వారిచేత అప్పటికే ఒక పట్టా ఉన్నదన్న సంగతిని మనవారు మరచుచున్నారు. అమెరికా హెచ్-1బి వీసాకు బ్యాచిలర్ పట్టాగాని తత్సమానమైన అర్హతగాని ఉండవలెను. చదువు కొరవడినవారు ఒక్కొక్క విద్యాసంవత్సరమునకు బదులు మూడేసి ఏండ్ల ఉద్యోగానుభవము చూపవలసియుండును. సీసీఎన్ఏగాని, అమెజాన్ వారి క్లౌడ్ పత్రముగాని, ప్రామిసరీ నోటువలె మూడేండ్లకు కాలదోషము పట్టునట్టిది; తిరుగ వ్రాయించుకొనక తప్పదు. పట్టాకు ఆ బాధ లేదు.

ఇంతమాత్రమున, పరీక్షకు ముందురాత్రి గైడు తిరుగవేసి గట్టెక్కినవాని పట్టాను నేను గౌరవింపలేను. పని చేతికి రావలెను. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షను చూడుడు: నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తుపెట్టుమనుట అందు లేదు, అభ్యర్థిని యంత్రము ముందు కూర్చుండబెట్టి, ఖాతాలు తెరువుమందురు, డిస్కును విభజింపుమందురు, అమర్చినదంతయు యంత్రమును ఆపి తిరిగి నడిపిన పిమ్మటకూడ నిలిచియున్ననే మార్కులిత్తురు. అటువంటి అభ్యాసమునకు ఒక పాత కంప్యూటరు, ఉచితముగా దొరకు లినక్స్, సాయంకాలము రెండు గంటలు చాలును. ఆ పని మీవాడు ఎవరి సాయమును లేక చేయగలిగిననాడు పరీక్షరుసుము కట్టుడు.

ప్ర: డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి సర్టిఫికేషన్ పాసైతే కంపెనీవాళ్లకు తెలుస్తుందా అండీ?
– ఒక విద్యార్థి, రాజమండ్రి

జ: మొదటి వారముననే తెలియును, నాయనా, మానుము.

ప్ర: బీకాం చదివాను. ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లలు. టెస్టింగ్‌లోకి వెళ్లాలంటే ఎంసీఏ చేయాలా?
– ఒక గృహిణి, భీమవరం

జ: అక్కరలేదమ్మా. నీకు పట్టా ఉన్నది. ఇంకొకదానికై రెండేండ్లు వెచ్చింపకుము. ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష నలుబది ప్రశ్నలది; ఆ పత్రమునకు గడువు లేదు. దానికి పాఠ్యప్రణాళిక ఉచితముగా లభించును. ముందది చదువుము, పిమ్మట నీవు నిత్యము వాడు బ్యాంకు యాప్‌ను తీసికొని, డబ్బు పంపు పుటలో తప్పు ఖాతాసంఖ్య, సున్న రూపాయలు, మధ్యలో తెగిన నెట్టు, ఒక్కొక్కచోట ఏమి జరుగవలెనో వరుసగా వ్రాసికొనుము. శిక్షణాలయమునకు డబ్బు కట్టు మాట అటుపిమ్మట ఆలోచింపవచ్చును.