అడుగు కదిపితేనే తెలిసే దూరం



"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు రాదు. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి చదివింది ఇంకోచోట, ఇప్పుడున్నది మరోచోట. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే చాలు, అట్టపెట్టెలు దిగుతాయి, సామాను సర్దుతాం. మాకూ, అంటే ఉపాధ్యాయులకూ, ఇదే కథ. కొత్త ఊళ్లో భాష మారుతుంది, తిండి మారుతుంది, రాత్రి ఆకాశం కూడా కాస్త మారుతుంది.

ఈ పాఠం ఆ ఆకాశం గురించే. నక్షత్రాల దాకా టేపు పట్టుకుని ఎవరూ వెళ్లలేదు. అయినా సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ఎంత దూరంలో ఉందో మనకు తెలుసు. ఎలా తెలిసింది? ఒకేచోట కూర్చుని చూస్తే తెలియలేదు. చోటు మారి చూస్తే తెలిసింది.

వెలుగును చూసి దూరం చెప్పలేం

బాగా మెరిసే నక్షత్రమే దగ్గరిదని అనిపించడం సహజం. కానీ అది నిజం కాదు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. అది ఎంత మసకగా ఉంటుందంటే, దుర్భిణి లేకుండా మన కంటికి కనిపించనే కనిపించదు. అందుకే 1915 వరకు దాన్ని ఎవరూ గుర్తించలేదు. దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్స్ దాన్ని కనుగొన్నాడు.

పక్కపక్కన కనిపించేవన్నీ పొరుగువి అనుకోవడమూ పొరపాటే. దక్షిణాకాశంలో ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ అనే రెండు కాంతివంతమైన నక్షత్రాలు జంటగా కనిపిస్తాయి. మొదటిది 4.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రెండోది దాదాపు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి ఒక సంవత్సరంలో ప్రయాణించే దూరమే కాంతి సంవత్సరం. అది సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.

బొటనవేలితో మొదలుపెడదాం

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. కుడికన్ను మూసి, ఎడమకంటితో వేలిని చూడండి. వేలి వెనక గోడమీద ఏముందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఎడమకన్ను మూసి కుడికంటితో చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. వేలు కదలలేదు. చూసే చోటు మారింది, అంతే. ఇలా కనిపించే జరుగుబాటునే దృష్టి విక్షేపం లేదా పారలాక్స్ అంటారు.

వేలిని ముక్కు దగ్గరకు తెచ్చి మళ్లీ చూడండి. జరుగుబాటు పెరుగుతుంది. దూరంగా పెడితే తగ్గుతుంది. అంటే ఆ జరుగుబాటును కొలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. ఇందులో గుర్తుంచుకోవలసినవి రెండు. వస్తువు దూరంగా ఉన్నకొద్దీ మనం చూసే రెండు చోట్ల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. మొదటి చోట ఏం కనిపించిందో కచ్చితంగా రాసిపెట్టుకోవాలి. మొదటిది మరిచిపోతే రెండోదానితో పోల్చడానికి ఏమీ మిగలదు.

భూమి మొత్తంగా బదిలీ అయితే

నక్షత్రాల కోసం ఎంత ఎడం కావాలి? రెండు కళ్ల మధ్య దూరం చాలదు. రెండు దేశాల మధ్య దూరమూ చాలదు. కానీ మనం కదలకపోయినా భూమి మనల్ని మోసుకుపోతూనే ఉంది. సూర్యుడు ఇక్కడికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కాబట్టి జనవరిలో మనమున్న చోటికీ జూలైలో మనమున్న చోటికీ మధ్య 30 కోట్ల కిలోమీటర్ల ఎడం ఉంటుంది. ఆరు నెలల తేడాతో ఒకే నక్షత్రాన్ని రెండుసార్లు చూస్తే, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు కొద్దిగా జరిగినట్టు కనిపించాలి.

కోపర్నికస్ 1543లో భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని పుస్తకం రాశాడు. అప్పుడే ఈ ప్రశ్న గట్టిగా ఎదురైంది: భూమి నిజంగా తిరుగుతుంటే నక్షత్రాలు జరిగినట్టు కనిపించాలి కదా? డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహి దుర్భిణి లేని ఆ కాలంలో అందరికన్నా కచ్చితంగా ఆకాశాన్ని కొలిచాడు. ఆయనకూ జరుగుబాటు కనిపించలేదు. భూమి కదలడం లేదనడానికి దాన్నే ఒక కారణంగా చూపాడు. ఆయన తర్కంలో తప్పులేదు. నక్షత్రాలు అంత దూరంలో ఉంటాయని మాత్రం నమ్మలేకపోయాడు.

ఆ జరుగుబాటు ఎంత చిన్నదో చూద్దాం. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక కోణీయ సెకను. ఆరు నెలల్లో కనిపించే జరుగుబాటులో సగాన్ని ఆ నక్షత్రపు పారలాక్స్‌గా తీసుకుంటారు. అన్నిటికన్నా దగ్గరిదైన ప్రాక్సిమాకే అది 0.77 సెకను. 2 సెంటీమీటర్ల నాణేన్ని 5 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత!

నోటు పుస్తకం గెలిపించింది

దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఈ చిక్కు వీడింది. 1838లో కోనిగ్స్‌బర్గ్ నగరంలో ఫ్రెడరిక్ బెసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 61 సిగ్నీ అనే నక్షత్రపు పారలాక్స్ 0.31 సెకను అని ప్రకటించాడు. నేటి విలువ 0.29. అంటే ఆ నక్షత్రం 11.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమి తిరుగుతోందని నక్షత్రాలు కూడా సాక్ష్యం చెప్పినట్టయింది.

మనకు మరింత దగ్గరివాడు థామస్ హెండర్సన్. స్కాట్లాండ్‌లో న్యాయవాదుల దగ్గర గుమాస్తాగా పనిచేస్తూ ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. 1832లో ఉద్యోగం మీద ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ వేధశాలకు వెళ్లాడు. ఆ చోటు ఆయనకు నచ్చలేదు. ఏడాదికి పైగా ఉండి తిరిగి వచ్చేశాడు. అయితే ఉన్నన్నాళ్లూ నక్షత్రాల స్థానాలను శ్రద్ధగా రాశాడు. ఆ లెక్కలను స్వదేశంలో పరిశీలిస్తే ఆల్ఫా సెంటారీ జరుగుబాటు అందులో దొరికింది. అంతకుముందు కొందరు చెప్పిన విలువలు తప్పని తేలడంతో ఆయన తొందరపడలేదు. చివరికి 1839లో ప్రకటించాడు. అప్పటికి బెసెల్ ముందే చెప్పేశాడు. అయినా మన అతి దగ్గరి పొరుగును కొలిచిన తొలి మనిషి హెండర్సనే. నచ్చని ఊళ్లో కూడా పుస్తకంలో సరిగ్గా రాసుకున్నందువల్లే అది సాధ్యమైంది.

ఆల్ఫా సెంటారీకి మన దేశంతోనూ బంధుత్వం ఉంది. అది ఒక నక్షత్రం కాదు, రెండు అని 1689లో గమనించింది జాన్ రిషో అనే ఫ్రెంచి మతగురువు. పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను దుర్భిణితో చూస్తుండగా ఆ జంట ఆయన కంటపడింది. మసకగా ఉండే ప్రాక్సిమా ఆ కుటుంబంలో మూడోది.

మన పొరుగువారు

పారలాక్స్ తెలిస్తే దూరం కట్టడం తేలిక. 3.26ను పారలాక్స్ సెకన్లతో భాగిస్తే కాంతి సంవత్సరాలు వస్తాయి. ప్రాక్సిమాకు 3.26ను 0.77తో భాగించండి: 4.2 వస్తుంది. ఇలా కొలిచిన మన ఇరుగుపొరుగు ఇవి:

ప్రాక్సిమా సెంటారీ: 4.2 కాంతి సంవత్సరాలు
ఆల్ఫా సెంటారీ జంట: 4.4
బార్నార్డ్ నక్షత్రం: 6.0
వుల్ఫ్ 359: 7.9
సిరియస్ (సంస్కృతంలో లుబ్ధకుడు): 8.6

"దగ్గర" అన్నామని తేలిగ్గా తీసుకోకండి. 1977లో బయల్దేరిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో ప్రాక్సిమా అంత దూరం వెళ్లాలంటే 70 వేల ఏళ్లకు పైగా పడుతుంది.

2013లో యూరప్ పంపిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలను ఇదే పద్ధతిలో కొలిచింది. 2020 ఏప్రిల్‌లో న్యూ హొరైజన్స్ నౌక మనకు 700 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ప్రాక్సిమాను, వుల్ఫ్ 359ను ఫొటో తీసింది. భూమి మీద తీసిన ఫొటోల పక్కన పెడితే ఆ నక్షత్రాలు జరిగినట్టు మామూలు కంటికే తెలిసింది. అంత దూరం వెళ్లి చూసినందుకు దక్కిన ఫలితమది.

చేసి చూద్దాం

1. ఆటస్థలంలో ఒక చెట్టును ఎంచుకోండి. దాని వెనక చాలా దూరంలో కొండో సెల్ టవరో ఉండాలి. ఒకచోట నిలబడి, చెట్టు వెనక ఏముందో రాసుకోండి. చెట్టుకు అడ్డంగా 10 అడుగులు పక్కకు నడిచి మళ్లీ చూడండి. చెట్టు ఎంత జరిగిందో చెయ్యి చాచి వేళ్లతో కొలవండి. చిటికెన వేలి వెడల్పు సుమారు 1 డిగ్రీ, మధ్యలోని మూడు వేళ్లు కలిపి 5 డిగ్రీలు, పిడికిలి 10 డిగ్రీలు. నడిచిన అడుగులను 57తో గుణించి డిగ్రీలతో భాగించండి. జరుగుబాటు 5 డిగ్రీలైతే చెట్టు 114 అడుగుల దూరంలో ఉన్నట్టు. తర్వాత నడిచి సరిచూసుకోండి.

2. మే నెలాఖరులో రాత్రి పది, పదకొండు గంటలకు దక్షిణ దిక్కు చూడండి. లేహ్‌లో ఉంటే ఆల్ఫా సెంటారీ ఎన్నడూ ఉదయించదు. ఢిల్లీలో అది దిగంతాన్ని ఆనుకునే ఉంటుంది కనుక కనిపించనట్టే. వేసవి సెలవులకు హైదరాబాదో విశాఖపట్నమో వెళితే దిగంతం మీద ఒక పిడికిలి ఎత్తున కనిపిస్తుంది. తిరువనంతపురంలో రెండు పిడికిళ్ల ఎత్తు. జంటగా కనిపించేవాటిలో ఎడమవైపుది ఆల్ఫా.

ఆలోచించి రాద్దాం

1. చెట్టు వెనక ఉన్న వస్తువు చాలా దూరంలో ఎందుకు ఉండాలి?
2. సిరియస్ పారలాక్స్ 0.38 సెకను. దాని దూరం కట్టండి.
3. టైకో బ్రాహికి జరుగుబాటు కనిపించలేదు. అందుకు రెండు కారణాలు సాధ్యం. అవేమిటి?
4. ఇప్పుడున్న ఊరి నుంచి ఈ నెల రాత్రి ఎనిమిది గంటలకు కనిపించే ఆకాశాన్ని బొమ్మ గీసి, ఊరి పేరు, తేదీ రాసి దాచుకోండి. వచ్చే ఊళ్లో అదే నెల, అదే వేళకు మళ్లీ గీయండి. రెండింటినీ పక్కన పెట్టుకుని తేడాలు రాయండి. సామాను సర్దేటప్పుడు ఈ పుస్తకాన్ని మాత్రం లారీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి.