పండుకున్న గడ్డకు కాపలా మొక్క

ఆదోనిలో ఒక మిల్లు ఆవరణలో తోటపని చూస్తున్న రోజుల్లో జరిగింది ఇది. వానాకాలమంతా ఫుట్‌బాల్ లిల్లీ ఆకులతో కళకళలాడిన మడి కార్తీకం దాటాక పసుపెక్కింది. సంక్రాంతి నాటికి ఆకు మొత్తం ఎండి ఉత్త నేల కనపడింది. ఆ నేల ఖాళీగా ఉందనుకుని, బంతి నారు పెట్టమని ఎవరో ఇద్దరు కూలివాళ్లను పంపారు. ఆ రోజు నేను పనికి రాలేదు. మరునాడు వచ్చి చూస్తే పార దెబ్బకు రెండు ముక్కలైన గడ్డలు గట్టు మీద ఎండుతున్నాయి. నలభై గడ్డల్లో దక్కినవి తొమ్మిది. తవ్వినవాళ్ల తప్పు ఏమీ లేదు. కింద గడ్డ ఉందని వాళ్లకు చెప్పే మొక్క ఒక్కటి కూడా నేను ఆ మడిలో పెట్టలేదు.

లిల్లీ పక్కన వేరే మొక్క ఎందుకని అడిగితే, అందం కోసమని చాలామంది చెప్తారు. అందం ఉంటుంది, కాదనను. అయితే మన ఎండకు, మన నల్లరేగడికి తోడు మొక్క చేయాల్సిన మొదటి పని కాపలా. గడ్డ నిద్రపోయినప్పుడు దాని చోటు గుర్తుగా నిలబడాలి, దాని మీద ఎండ నేరుగా పడకుండా చూడాలి, దానికి అక్కర్లేని నీళ్లు తాను అడగకూడదు. జిన్నింగ్ మిల్లుల్లో, బళ్లలో, ఆసుపత్రుల్లో, కల్యాణ మండపాల్లో నెల జీతానికో దినకూలికో తోటపని చేసేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. మడి ఖాళీగా కనిపించిన రోజే పని చేయడం లేదన్న మాట పడుతుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉన్న మడి మీ తరఫున మాట్లాడుతుంది.

ముందు పేర్లు తేల్చుకుందాం, లేకపోతే గడ్డలు కొనేటప్పుడే పొరపాటు పడతాం. మన పూలకొట్లలో లిల్లీ అంటే సుగంధరాజ, కొందరు నేల సంపంగి అంటారు. దండల్లో గుచ్చే ఆ తెల్లపువ్వు మెక్సికో నుంచి వచ్చి మనదైపోయింది. నర్సరీవాళ్లు లిల్లీ అంటే రెయిన్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, క్రైనమ్, హిప్పియాస్ట్రమ్ అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. శాస్త్రం లెక్కలో వీటిలో ఏదీ అసలు లిల్లీ కాదు. అసలు లిల్లీ అంటే పెళ్లి వేదికల మీద గులాబీ రంగులో, నారింజ రంగులో గుత్తులుగా కనిపించేది, ఏషియాటిక్, ఓరియంటల్ అని అమ్మేది. దానికి చలి కావాలి. నాటే ముందు ఆ గడ్డను కొన్ని వారాలు శీతల గిడ్డంగిలో ఉంచుతారు. దక్షిణాదిలో సొంతంగా పుట్టిన అసలు లిల్లీ కూడా నీలగిరుల వంటి చల్లటి కొండల మీదే బతుకుతుంది. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ గడ్డ ఒకసారి పూసి, రెండో ఏడు లేవదు. నేను రెండుసార్లు డబ్బు పోసి నేర్చుకున్నాను. యజమాని బొమ్మ చూపించి అదే కావాలంటే ఒప్పుకోకండి. పువ్వు అయిపోయాక ఆయన అడిగేది మిమ్మల్నే.

ఇక మట్టి. మన నల్లరేగడి ఎండాకాలం అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి బిగుసుకుపోతుంది. పత్తికి అది అమ్మలాంటిది. గడ్డకు మాత్రం రెండు విధాలా చేటు. నెర్రెలు వేళ్లను తెంపుతాయి, నిలిచిన నీళ్లు గడ్డను కుళ్లబెడతాయి. కాబట్టి లిల్లీ మడిని నేలమట్టానికి కనీసం ఒక అడుగు ఎత్తున కట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. తవ్విన నల్లమట్టిని పారేయొద్దు, గట్టుకు వాడుకోండి. బోరునీళ్లతో గట్టు మీద తెల్లటి పొర తేలే చోట ముందు మట్టి, నీళ్లు పరీక్ష చేయించండి. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడిగితే దారి చెప్తారు. ఉప్పునీళ్లు తప్పనిసరైతే క్రైనమ్‌ను నమ్ముకోండి. సముద్రపు ఒడ్డున బతికే మొక్క అది, మన బోరునీళ్లకు బెదరదు. దానికి తోడుగా బిళ్లగన్నేరు పెట్టండి, అదీ అంతే మొండిది.

ఇప్పుడు అసలు సంగతి. జోడీ కుదర్చడానికి రంగులు చూడొద్దు, నీళ్లు చూడండి. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన ఒకే మాట అనేవాడు: "గడ్డ పండుకుంది, నీళ్లు పోసి లేపొద్దప్పా." ఆ మాట పట్టుకుని లిల్లీలను రెండు గుంపులుగా విడదీసుకున్నాను.

మొదటి గుంపు చలికాలంలో పండుకునేవి: ఫుట్‌బాల్ లిల్లీ, హిప్పియాస్ట్రమ్. కార్తీకం తర్వాత వీటికి నీళ్లు దాదాపు ఆపేయాలి. హిప్పియాస్ట్రమ్ ఎండలు ముదిరే ముందు పూస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ మే, జూన్ నెలల్లో ఆకు రాకముందే ఎర్రటి బంతిలా పైకొస్తుంది. వీటి పక్కన పెట్టే మొక్క కూడా చలికాలంలో తక్కువ నీళ్లతో బతకగలగాలి. బిళ్లగన్నేరు, గైలార్డియా, బొగడబంతి, గడ్డిగులాబీ ఈ పనికి బాగా పనికొస్తాయి. గడ్డిగులాబీ వేళ్లు పైపైనే ఉంటాయి కనుక గడ్డను ఇబ్బంది పెట్టవు. నేల మీద చాపలా పరుచుకుని ఎండ వేడిని మింగుతుంది. ఫుట్‌బాల్ లిల్లీకి మధ్యాహ్నం నీడ కావాలి. తూర్పు గోడ పక్కనో, నందివర్ధనం పడమటి ఎండను ఆపే చోటో దానికి బాగుంటుంది. ఆ నందివర్ధనం గడ్డకు మూడడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే దాని వేళ్లు అంతా తాగేస్తాయి.

రెండో గుంపు పూర్తిగా పండుకోనివి: సుగంధరాజ, క్రైనమ్, స్పైడర్ లిల్లీ. ఇవి చలికి మందగిస్తాయే తప్ప మాయం కావు. తడి కొంచెం ఎక్కువున్నా ఓర్చుకుంటాయి. కుళాయి నీళ్లు పారే మూల ఉంటే స్పైడర్ లిల్లీని అక్కడ పెట్టి, దాని వెనక మెట్టతామర నాటండి, రెండూ తడిని ఇష్టపడతాయి. ఆ మెట్టతామరనే హిప్పియాస్ట్రమ్ పక్కన పెడితే, దానికోసం పోసిన నీళ్లకు పండుకున్న గడ్డ కుళ్లిపోతుంది. రెండు మొక్కలూ మంచివే, జోడీయే చెడ్డది.

రెయిన్ లిల్లీ ఏ గుంపులోకీ రాదు. ఎక్కడ పెట్టినా బతుకుతుంది, తొలకరి చినుకు పడిన కొద్దిరోజులకు పూస్తుంది. మృగశిర వానకు మడి అంచు మొత్తం గులాబీ రంగు, తెలుపు పూలతో నిండిన రోజు, దారిన పోయేవాళ్లు సైకిలు ఆపి చూడటం నేను ఎన్నోసార్లు చూశాను. అంచున నాలుగు వేళ్ల ఎడంతో నాటండి. ఆకు సన్నగా గడ్డిలా ఉంటుంది కాబట్టి, కలుపు తీసే కొత్తవాళ్లకు ముందే చూపించి చెప్పండి.

నాటే లోతు తేడాగా ఉంటుంది. రెయిన్ లిల్లీ, సుగంధరాజ గడ్డల మీద రెండు మూడు వేళ్ల మట్టి ఉండాలి. హిప్పియాస్ట్రమ్, క్రైనమ్ గడ్డల మెడ మట్టికి పైనే ఉండాలి. సుగంధరాజకు గడ్డకు గడ్డకు జానెడు ఎడం పెట్టండి. ఏ రకం కొనాలని అడిగితే బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్, శృంగార్ రకాలు చెప్తాను. రెండూ ఒంటి రేకు పూలే, దండకు పనికొస్తాయి.

సుగంధరాజ దగ్గర ఒక జాగ్రత్త ఎక్కువమందికి తెలియదు. దాని పక్కన కనకాంబరం పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. తెలుపు, నారింజ రంగులు కలిసి కంటికి బాగుంటాయి, రెండూ దండకే పోతాయి. కానీ మట్టి కింద ఆ రెండింటికీ శత్రువు ఒకటే. వేళ్ల మీద ముడులు కట్టించే నులిపురుగు కనకాంబరాన్ని బాగా పట్టుకుంటుంది, అక్కడినుంచి సుగంధరాజకు పాకుతుంది. వంగ, టమాటా కూడా దానికి ఇష్టమైనవే. ఆకు పాలిపోయి మొక్క గిడసబారితే ఒకదాన్ని పీకి వేరు చూడండి, గింజల్లాంటి ముడులుంటే అదే. కనకాంబరాన్ని వేరే మడికి పంపండి. సుగంధరాజ నాటే ముందు ఆ చోట మూడు నెలలు బంతిని దట్టంగా పెంచి, పూలు కోసుకున్నాక మొక్కను మొదలుకు కోసి వేళ్లు మట్టిలోనే వదిలేయండి. బంతి వేళ్లు ఆ పురుగును తగ్గిస్తాయి. అక్కడో మొక్క ఇక్కడో మొక్క పెడితే ఆ పని జరగదు.

మన దగ్గర వేరుశనగ పొట్టు దొరుకుతుంది. ఎండాకాలం మడి మీద రెండు వేళ్ల మందం పరిస్తే తడి నిలుస్తుంది, నెర్రెలు తగ్గుతాయి. ఇక్కడా ఒక మెలిక ఉంది. వేరుశనగను మొదలు దగ్గర కుళ్లబెట్టే బూజు తెగులే సుగంధరాజనూ పట్టుకుంటుంది. తెల్లటి దారాల్లా అల్లుకుని, దాని మీద ఆవగింజల్లాంటి గుళికలు కనిపిస్తాయి. అందుకే కళ్లం నుంచి తెచ్చిన పచ్చి పొట్టును నేరుగా వేయకండి. మండుటెండలో పల్చగా ఆరబెట్టి, తర్వాత వేయండి. మొక్క మెడకు తగలకుండా నాలుగు వేళ్లు ఎడం వదలండి. మడి కట్టేటప్పుడే 9 కిలోల మాగిన ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, తడి గోనె కప్పి వారం పది రోజులు నీడలో ఉంచి మట్టిలో కలిపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

వానాకాలంలో పొద్దున్నే మొదట చూడాల్సింది ఆకుల అడుగు. నల్లటి ఒంటి మీద తెలుపు, పసుపు, ఎరుపు మచ్చలున్న గొంగళిపురుగు గుంపుగా వస్తుంది. స్పైడర్ లిల్లీ, క్రైనమ్, హిప్పియాస్ట్రమ్ దేన్నీ వదలదు. రెండు రోజులు చూడకపోతే ఆకు మొదలు దాకా పోతుంది. గ్లౌజు తొడుక్కుని ఏరి సబ్బునీళ్లలో వేయడం అన్నిటికంటే నమ్మకమైన పని. మిగిలిన వాటికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. ఇంకో మాట: చుట్టూ పత్తి చేలున్న చోట మందారాన్ని లిల్లీ మడిలోకి తేకండి. పత్తి మీది పిండినల్లికి మందారం చుట్టాలిల్లు, అక్కడ మొదలై మడంతా పాకుతుంది.

మనది ఉల్లిగడ్డ పండే ప్రాంతం, కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. ఈ లిల్లీ గడ్డలు చూడటానికి ఉల్లిగడ్డల్లాగే ఉంటాయి, కడుపులోకి పోతే విషం. వంటింట్లో గానీ, ఎర్రగడ్డల గోనెల పక్కన గానీ పెట్టొద్దు. కోసినప్పుడు వచ్చే జిగురుకు చేతులు దురదపెడతాయి, సబ్బుతో కడిగాకే అన్నం ముట్టండి. నాభి అని పిలిచే అగ్నిశిఖ తీగను అందం చూసి కొందరు అడుగుతారు. దాని గడ్డ ప్రాణం తీస్తుంది. పిల్లలు తిరిగే బడిలో దాన్ని నాటబోనని చెప్పేయండి.

ఇక పని ఇచ్చేవాళ్లతో మాట. ఒప్పుకునే రోజే మూడు సంగతులు చెప్పండి. మొదటి ఏడు పువ్వు తక్కువే ఉంటుంది, వేరు కుదురుకోవాలి. పువ్వు అయిపోయినా ఆకు పచ్చగా ఉన్నంతకాలం కోయకూడదు, వచ్చే ఏటి పువ్వు ఆ ఆకులోనే తయారవుతుంది. చలికాలంలో కొంత మడి పండుకుంటుంది, అక్కడ పార వేయకూడదు. నోటిమాట మరుస్తారు, కాగితం మీద రాసివ్వండి. "ఎండిన ఆకు ఎందుకుంచినావ్?" అని అడిగినప్పుడు సమాధానం ఆ కాగితంలో ఉంటుంది. ఎండే ఆకు కంటికి ఎబ్బెట్టుగా ఉంటే కోయకుండా ముందున్న బిళ్లగన్నేరు కొమ్మల వెనక్కు వంచండి. తోడు మొక్కను లిల్లీకి ముందు వైపు నాటమని చెప్పేది అందుకే.

మన వైపు నుంచి బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తోటపనికి పోయేవాళ్లకూ ఈ లెక్కే పనికొస్తుంది. అక్కడ వేడి తక్కువ, వాన ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి మడి ఎత్తు, ఇసుక పాలు ఇంకాస్త పెంచాలి. జోడీ నీళ్లను బట్టే కుదర్చాలి.

గడ్డలు పిల్లలు పెడతాయి, అది మీకు వచ్చే అదనపు ఆదాయం. సుగంధరాజను రెండు మూడేళ్లకోసారి ఆకు పసుపెక్కినప్పుడు తవ్వి, పెద్ద గడ్డలను వేరుచేసి నీడలో ఆరబెట్టి, పక్కన చిన్నవాటిని వేరే మడిలో పెంచాలి. రెయిన్ లిల్లీ గుబురును మూడేళ్లకోసారి విడదీస్తే ఒక మడి నుంచి రెండో మడికి సరిపడా వస్తాయి. ఆ పిల్లగడ్డలు ఎవరివన్నది ముందే మాట్లాడుకోండి. సగం మడికి, సగం మీకు అంటే చాలామంది ఒప్పుకుంటారు. నాకు అలా వచ్చిన గడ్డలతోనే నేను తర్వాత పట్టిన రెండు తోటలు నాటాను, ఒక్కటీ కొనలేదు.

తవ్విన గడ్డలను గోనెలో వేసేటప్పుడు పేరు, తేదీ, ఏ మూల నుంచి తీశారో అట్టముక్క మీద రాసి లోపల వేయండి. మడి పటం ఒకటి పాత క్యాలెండర్ వెనక గీసి, పండుకున్న గడ్డల చోట్లు సున్నాలు చుట్టి, వాచ్‌మన్ గదిలో తగిలించండి. మీరు రాని రోజున పార పట్టుకుని వచ్చే మనిషి మొదట చూసేది ఆ గోడనే.