కన్నులులేని చదువరియు కాగితములేని పుస్తకమును

చదువుట యనగా కంటితో అక్షరములను జూచుట యని మనలో పెక్కుమంది తలంచుచుందురు. ఈ తలంపు సరియైనది కాదు. అక్షరము శబ్దమునకు గుర్తు. శబ్దము అర్థమునకు వాహనము. ఆ గుర్తు కంటిద్వారమున వచ్చినను, వ్రేలికొనద్వారమున వచ్చినను, చెవిద్వారమున వచ్చినను, బుద్ధి గ్రహించు నర్థ మొక్కటియే. వేదములను శ్రుతులని పిలిచి, వేలకొలది యేండ్లు చెవివలననే నేర్చి నేర్పిన దేశము మనది. కావున చూపులేనివానికి చదువెట్లు వచ్చునని యడుగువారు చదువుయొక్క స్వరూపమునే మఱచినవారు.

నేడు పుస్తకములు కాగితముమీదనే గాక కంప్యూటరులందును సెల్‌ఫోనులందును గూడ వెలువడుచున్నవి. పాఠ్యగ్రంథములు, ప్రశ్నపత్రములు, వార్తాపత్రికలు, పాఠశాలల వార్షిక సంచికలు సైతము ఫైళ్లుగా ఇంటింటికి చేరుచున్నవి. ఇట్టి డిజిటల్ గ్రంథములను చూపులేనివారును, చూపు మందగించినవారును, చెవులు వినరానివారును, చేతులు స్వాధీనమున లేనివారును, అక్షరములను గుర్తించి కూర్చుకొనుట కష్టమగు డిస్లెక్సియా గలవారును చదువుకొనునట్లు చేయుట యెట్లో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

పూర్వకథ

18వ శతాబ్దము చివర పారిసు నగరమున వాలంటైన్ హాయీ యను నాతడు అంధబాలురకు పాఠశాల స్థాపించి, మామూలు అక్షరములనే దళసరి కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తించి, వ్రేళ్లతో తడవి చదువునట్లు చేసెను. అది గొప్ప మేలే. కాని ఆ గ్రంథములు మిక్కిలి పెద్దవి, బరువైనవి. వానిని చదువుట ఆలస్యము. విద్యార్థి తానై వ్రాయుటకు వానివలన వీలులేదు. కంటికి ననువైన ఆకారము వ్రేలికి ననువైనది కాకపోయెను.

1809లో పారిసు సమీపమున కూవ్రే గ్రామమున జన్మించిన లూయీ బ్రెయిలీ మూడవయేట తండ్రి తోలుపని కొట్టులో పదునైన పనిముట్టు కంటికి గ్రుచ్చుకొనుటచే క్రమముగా రెండు కన్నులను గోల్పోయెను. ఆతడు ఆ పాఠశాలయందే చదివి, షార్ల్ బార్బియే యను ఫ్రెంచి సైన్యాధికారి కల్పించిన పండ్రెండు చుక్కల లిపిని పరిశీలించి, దానిని సగమునకు తగ్గించి, 1824లో, తనకు 15 ఏండ్లు వచ్చునప్పటికే, ఆఱు చుక్కల లిపిని సిద్ధపఱచెను. 1829లో అది ప్రకటింపబడెను. ఆఱు చుక్కలను కలిపియు విడదీసియు 63 గుర్తులు చేయవచ్చును. ఒక్కొక్క గుర్తు వ్రేలికొన క్రింద సరిగా ఇముడును. చదువలేనివారికొఱకు ఇతరులు కల్పించిన పద్ధతికంటె, చదువుకొనువాడు తానే కల్పించిన పద్ధతి నిలిచినదని విద్యార్థులు గమనింతురు గాక.

మన దేశమున అంధుల పాఠశాలలకు మిషను సేవకులే పునాది వేసిరి. 1887లో కుమారి ఆనీ షార్ప్ అమృతసరమున నెలకొల్పిన పాఠశాల వానిలో మొదటిదని ప్రసిద్ధి. తరువాత దేశభాషల కన్నిటికిని ఒకే విధమైన బ్రెయిలీ లిపి కావలెనని పెద్దలు తలపోయగా, 1951లో భారతి బ్రెయిలీ అంగీకరింపబడెను. ఇందులో తెలుగు 'క'కును హిందీ 'క'కును గుర్తు ఒక్కటియే. గుడి, కొమ్ము, వత్తు మున్నగునవి అక్షరమునకు పైనను క్రిందను ఉండక, వరుసలో విడిగుర్తులుగా నుండును. 'కి' యని వ్రాయుటకు ముందు 'క', తరువాత 'ఇ' గుర్తులను ప్రక్కప్రక్కన ఉంచుదురు.

యంత్రము చదువు విధము

కంప్యూటరునందు తెలుగక్షరములు దాచబడు పద్ధతియు దాదాపుగా నిట్టిదే. 1991లో వెలువడిన యూనికోడ్ అను ఏర్పాటులో తెలుగునకును స్థానము లభించెను. దాని ప్రకారము ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య గలదు. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. గుడి సంఖ్య 3135. 'కి' యని మన కంటికి గనబడునది యంత్రములోపల 3093, 3135 అను రెండు సంఖ్యల వరుస.

స్క్రీన్ రీడరు అను ప్రోగ్రాము ఈ సంఖ్యలను గ్రహించి, యంత్రస్వరముతో పైకి చదువును. లేదా బ్రెయిలీ పలకకు పంపును. ఆ పలకమీద సన్నని మొలలు లేచుచు దిగుచు నొక్కొక్క పంక్తిగా చుక్కలను ఏర్పఱచును. ఎన్‌వీడీఏ యను స్క్రీన్ రీడరును 2006లో ఆస్ట్రేలియా దేశీయుడైన మైకేల్ కరన్ ప్రారంభించెను. ఆతడును చూపులేనివాడే. అది ఉచితముగా లభించును. సెల్‌ఫోనులలో టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ అను పేర్లతో ఇట్టి సాధనములు ముందే యమర్పబడి యుండును. తెలుగును చదువు యంత్రస్వరములును నేడు దొరకుచున్నవి.

అట్లైన యెడల కొదువ యేమి? కొదువ పుస్తకము చేయువానియొద్ద నున్నది. ఒకే పాఠమును మూడు విధములుగా చేసిన మూడు ఫైళ్లను తలంచుకొందము. మొదటిది కాగితపు పుటలకు తీసిన ఫోటోల వరుస. అందు అక్షరములు లేవు, అక్షరముల బొమ్మలు మాత్రమే కలవు. స్క్రీన్ రీడరు దానిని తెఱచి మౌనము వహించును. రెండవది యూనికోడ్‌కు పూర్వపు అచ్చు ఫాంట్లతో కూర్చినది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు ఆకారములు తగిలింపబడి యుండును. కంటికది చక్కని తెలుగు. యంత్రమునకు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. మూడవది యూనికోడ్‌లో కూర్చినది. దీనిని మాత్రమే యంత్రము తెలుగుగా చదువును. కంటితో జూచినచో మూడును ఒక్కటివలెనే యుండుటచేత, చూపుగల ప్రచురణకర్త తన పుస్తకము మూగదైనదని ఎఱుగనే యెఱుగడు.

పుస్తకము చేయువారు పాటింపవలసిన నియమములు

మొదటిది శీర్షికలు. ప్రకరణము పేరును లావుగా పెద్దగా కనబడునట్లు చేసినంతమాత్రమున చాలదు. అది శీర్షిక యని ఫైలునందు గుర్తింపవలెను. చూపుగలవాడు పుటలను త్రిప్పుచు కావలసిన పాఠమును కనుగొనును. చూపులేనివాడు ఒక మీటను నొక్కి శీర్షికనుండి శీర్షికకు దాటును. గుర్తులు లేనిచో ఇరువదవ పాఠము కావలసినవాడు మొదటి పాఠమునుండి వినుచు రావలెను.

రెండవది చదువు వరుస. పద్యము ఎడమ నిలువు వరుసయందును తాత్పర్యము కుడి నిలువు వరుసయందును ఉన్నవనుకొందము. వరుస సరిగా ఏర్పఱుపనిచో యంత్రము పద్యపాదము నొకటిని, తాత్పర్యపు తునక నొకదానిని కలిపి చదివి, రెంటిని చెఱచును. పట్టికలందును ఇంతే. ఏ అంకె యే విషయమునకు సంబంధించినదో తెలియునట్లు వరుసలకును నిలువులకును తలపేర్లు గుర్తింపవలెను.

మూడవది చిత్రవర్ణన. ప్రతి చిత్రమునకును, దాని ఫైలునందే, కంటికి గనబడని యొక వర్ణనావాక్యమును జేర్చుటకు వీలుగలదు. భూగోళ పాఠమున గోదావరి పటమున్నచో 'పటము' అని వ్రాసిన ప్రయోజనము లేదు. 'మహారాష్ట్రమున త్ర్యంబకమువద్ద పుట్టి, తూర్పుగా ప్రవహించి, తెలంగాణమునకు వచ్చి, ఆంధ్రప్రదేశమున బంగాళాఖాతమున గలియు గోదావరి' యని వ్రాసినచో, పటము నేర్పదలచిన దానిని చెవియును నేర్చును. అలంకారమునకై యుంచిన పూవులకును తీగెలకును వర్ణన అక్కఱలేదు. అవి అలంకారమని మాత్రము గుర్తింపవలెను.

నాలుగవది రంగులు. 'ఎఱ్ఱని అక్షరములలోనున్న ప్రశ్నలకు జవాబు వ్రాయుడు' అని యడుగరాదు. ఎఱుపును ఆకుపచ్చను వేఱుపఱుపలేని బాలు డొకడు తరగతిలో ఉండవచ్చును. అక్షరమునకును దాని వెనుకటి రంగునకును వెలుగు భేదము కనీసము 4.5కు 1 పాళున, పెద్ద అక్షరములకైనచో 3కు 1 పాళున ఉండవలెనని వెబ్ పుటల అంతర్జాతీయ నియమావళి శాసించుచున్నది. తెల్లని పుటమీది నల్లని అక్షరమునకు ఆ పాళు 21కి 1.

ఐదవది అక్షరముల పరిమాణము. అక్షరములను పెద్దవి చేసినప్పుడు పంక్తులు తెర వెడల్పునకు తామే సర్దుకొనవలెను. ఈపబ్ అను పుస్తకరూపము దీనికి మిక్కిలి యనువైనది. పుట ఆకారమును మార్పనీయని పీడీఎఫ్‌లో చూపు మందగించినవారు ప్రతి పంక్తికిని తెరను అటునిటు జరుపుకొనవలసి వచ్చును.

ఆఱవది శబ్దమును చేతియాటయును. ఉపన్యాసములకును నాటకములకును తీసిన చిత్రముల క్రింద మాటలు అక్షరములుగా కనబడవలెను. చెవులు వినరానివారికి అవియే ఆధారము. చేతితో మౌసును త్రిప్పలేనివారు కీబోర్డు మీటలతోడనే పుస్తకమంతయు తిరుగగలుగవలెను.

ఈ నియమములు ఒకరి యూహలు గావు. వెబ్ పుటలకు సంబంధించిన నియమావళి 1999లో మొదట వెలువడి, 2008, 2018, 2023 సంవత్సరములలో సవరింపబడెను. శబ్దమును అక్షరమును జతపఱచిన పుస్తకములకై డైసీ కన్సార్షియం 1996లో ఏర్పడెను. ఈపబ్ పుస్తకముల సౌలభ్య నియమములు 2017లో వెలువడి, 2021లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడెను.

ధర్మమును చట్టమును

చూపులేనివానికి పుస్తకము చదివి వినిపించుట పుణ్యకార్యమని మన పెద్దలు బోధించిరి. అది నిజమే. కాని ఎల్లప్పుడును ఒకరు చదివి వినిపింపవలసిన విద్యార్థి, ఆ యొకరి తీరిక కొఱకు కాచుకొనవలెను. చదివిన పంక్తిని మరల చదువుమని యడుగుటకు సంకోచింపవలెను. రాత్రి తనకు తోచిన సందేహమును తెల్లవాఱువఱకు మనసున దాచుకొనవలెను. పరీక్షకు మిత్రులు పదిమార్లు చదివిన పాఠమును ఆతడొక్కమారు విని పోవలెను. మంచి ఫైలు ఈ పరాధీనతను తొలగించును. చదివి వినిపించువారి దయకు విలువ తగ్గదు. ఆ దయ యిక అవసరముగా గాక స్నేహముగా నుండును.

ఈ భేదమును చట్టమును గుర్తించినది. 2012లో మన దేశపు కాపీరైటు చట్టమును సవరించి, వికలాంగులు చదువుకొనుటకు వీలైన రూపమున గ్రంథములను లాభాపేక్షలేక తయారుచేయుటకు అనుమతి నొసగిరి. 2013లో మొరాకో దేశమున మర్రకేషు నగరమందు కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికవలన, అట్టి గ్రంథములు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుటకు మార్గ మేర్పడెను. దానిని ముందుగా ధ్రువపఱచిన దేశము మనదే. అది 2014లో జరిగెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము, డిజిటల్ సమాచారము అందఱికిని అందుబాటున ఉండవలెనని విధించెను. ఆ సంవత్సరముననే సుగమ్య పుస్తకాలయమను డిజిటల్ గ్రంథాలయమును ప్రారంభింపబడెను.

'మా తరగతిలో చూపులేనివా డెవ్వడును లేడు. ఈ శ్రమ మాకేల?' యని కొంద ఱడుగవచ్చును. 2011 జనాభా లెక్కలలో మన దేశమున 2 కోట్ల 68 లక్షల వికలాంగులు లెక్కింపబడిరి. వారిలో చూపునకు సంబంధించిన లోపము గలవారు 50 లక్షలకు పైబడిరి. వారెక్కడనో లేరు, మన వీథులలోనే యున్నారు. మనుమని వ్యాసమును చదువగోరి కంటిపొరచే చదువలేని తాతగారును ఈ పత్రికకు చదువరియే. మఱియు మెట్లు మాత్రమే యున్న గుడిలోనికి బండిలో కూర్చున్నవాడు రాలేదని చూపి, అట్టివాడు ఊరిలో లేడనుట న్యాయము గాదు. త్రోవ వేసిన పిమ్మటనే బాటసారి కనబడును.

'ఖర్చు అధికము' అని మఱికొంద ఱందురు. పుస్తకము పూర్తియైన పిమ్మట దిద్దబూనినచో శ్రమ నిజముగా నధికమే. మొదటి పంక్తి కూర్చునాడే యూనికోడ్‌లో కూర్చి, శీర్షికలను గుర్తించి, బొమ్మ చేర్చినప్పుడే వర్ణన చేర్చినచో అదనపు శ్రమ మిక్కిలి స్వల్పము. ఇంతియగాక ఆ ఫైలునందు కావలసిన పదమును వెదకుటకు చూపుగలవారికిని వీలగును.

మూడు చిన్న పరీక్షలు

విద్యార్థులారా! మీరు తయారుచేసిన ఫైలు మంచిదో కాదో తెలిసికొనుటకు మూడు సులభమైన పరీక్షలు గలవు. ఫైలునుండి ఒక పంక్తిని కాపీచేసి సందేశము వ్రాయుచోట అతికింపుడు. తెలుగుగా వచ్చిన మంచిది, ఇంగ్లీషు అక్షరములుగా వచ్చినను, పంక్తి పట్టుబడకపోయినను అది దిద్దదగినది. రెండవది, మౌసును ప్రక్కనబెట్టి మీటలతోడనే మొదటినుండి చివరవఱకు పోయి చూడుడు. మూడవది, సెల్‌ఫోనులోని స్క్రీన్ రీడరును పలికించి, తెరను గుడ్డతో కప్పి, ఒక్క పాఠము వినుడు. ఎక్కడ త్రోవ తప్పితిరో అక్కడనే దిద్దుడు. వీలైనచో చూపులేని చదువరి నొకనిని పిలిచి చదివింపుడు; ఈ విషయమున ఆతడే మనకు ఉపాధ్యాయుడు.

చూపులేనివాని త్రోవలో అడ్డము పెట్టుట పాపమని మోషే ధర్మశాస్త్రము హెచ్చరించినది. తెలిసి పెట్టినవారు అరుదు. చూడక పెట్టినవారమే మనలో పెక్కండ్రము. ఇప్పుడు తెలిసినది గనుక, ఈ యేడు మీరు వ్రాయు ప్రతి పాఠమునకు శీర్షికయు, అంటించు ప్రతి బొమ్మకు మాటయు నుండునట్లు చూచుకొనుడు. పెద్దవారై కార్యస్థానములలో కూర్చుండునాడు, మీ చేతిమీదుగా వెలువడు ప్రతి కాగితమును అందఱికిని చదువ వీలైనదిగా నుండును.